గోడకు తలంటు

తోలుబిళ్ళకు ఆముదం పట్టించడం పూర్తయ్యేదాకా చెన్నయ్య ఎవరితోనూ మాట్లాడడు. సంధ్యావందనం మధ్యలో పలకరించినవాడి వైపు వైదికుడు చూసే చూపు ఒకటి ఉంటుంది; ఆ వేళ పలకరిస్తే చెన్నయ్య చూసేదీ అదే చూపు. మండీ వెనక రేకుల పంచలో గొంతుకూర్చుని, ఇత్తడి పంపు కడుపులోంచి ఇనుపకడ్డీని పైకి లాగి, దాని కొసనున్న తోలుబిళ్ళను బొటనవేలితో మెల్లగా రుద్దుతున్నాడు. తోలు ఎండితే బిగువు పోతుంది. బిగువు పోతే నీరు పైకి లేవదు. నీరు లేవకపోతే మార్కాపురం పెద్ద బజారులో చెన్నయ్య అనే మనిషి ఉన్నా లేనట్టే. అందుకే పంపు పిడికి పురికొసతో కట్టిన చిన్న గాజుసీసాలో ఆముదం ఎప్పుడూ ఉంటుంది. తన తలకు చమురు పెట్టుకుని ఎన్నాళ్ళయిందో అతడికి గుర్తులేదు. తోలుబిళ్ళకు మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

ఆ పంపు పుట్టుపూర్వోత్తరాలు సామాన్యమైనవి కావు. ఇంద్రుడి వజ్రాయుధానికి దధీచి వెన్నెముక మూలమైతే దీనికి జపాను చక్రవర్తి మూలం. యుద్ధకాలంలో జపాను విమానాలు మద్రాసు మీద బాంబులు కురిపిస్తాయని, ఆ మంటలు ఆర్పడానికి ఇట్లాంటివి చేతికందేలా ఉండాలని సర్కారువారు వీటిని కుప్పలుగా తెప్పించారు. మంటలు రాలేదు, పంపులు మిగిలిపోయాయి. యుద్ధం ముగిశాక నూనెగింజల వర్తకుడు బాలసుబ్రహ్మణ్యం శెట్టి వేలంలో ఒకదాన్ని పాడుకుని, తన మండీలో వేరుశనగ బస్తాలకు నిప్పంటుకున్నప్పుడు పనికొస్తుందని రైల్లో వేసుకుని తెచ్చాడు. మండీకి నిప్పూ అంటుకోలేదు. ఇట్లా రెండుసార్లు పరాక్రమం చూపే భాగ్యం తప్పిపోయిన ఆ ఆయుధం చివరకు చెన్నయ్య చేతికి వచ్చి, దుమ్ము అనే శత్రువు మీద ప్రయోగింపబడింది.

దుమ్ముకు ఆ ఊళ్ళో కొదవలేదు. ఆంధ్రదేశపు పిల్లలచేత ఓనమాలు దిద్దించే పలకలు కోసేది మార్కాపురమే. ఆ విద్యాదానం చేసిన పుణ్యం ఎక్కడ జమ అవుతున్నదో గాని, దాని పిండి మాత్రం కార్ఖానాలలోంచి లేచి బజారుమీద వాలుతుంది. మేడల పిట్టగోడల మీద, తలుపుల మీది చెక్కడపు చిలకల మీద, కోమటి గడప మీద, సాయిబు కొట్టు మీద కులమత భేదం పాటించకుండా బూడిదరంగుగా కూర్చుంటుంది. పండుగ వచ్చిందంటే వర్తకులు తమ దుకాణాల ముంగిళ్ళను చెన్నయ్య చేత కడిగించుకుంటారు. చెన్నయ్య పుట్టింది రాచర్ల దగ్గర, గొర్రెల మంద ఉన్న ఇంట్లో. కరువు మందను తిన్నాక పలకల కార్ఖానాలో చేరాడు. జుట్టు నల్లగా ఉన్నంతకాలం పలకలు కోసి, ఒక్క అక్షరమైనా నేర్వకుండా, ఆ పిండిని మాత్రం రొమ్ములో దాచుకుని బయటపడ్డాడు. సరస్వతీదేవి అతణ్ణి ఆ మేరకు కటాక్షించింది.

గోడలను అతడు గొర్రెలను కడిగినట్టే కడుగుతాడు. బొచ్చు కోతకు ముందు మందను వాగులో దించేటప్పుడు గొర్రె బెదరకుండా మొదట కాళ్ళు తడపాలి, తర్వాత పొట్ట, ఆ తర్వాతే వీపు. మురికి వదిలించడం మాత్రం వీపు మీదినుంచి కిందికి. గోడా అంతే. ముందు కిందినుంచి పైకి తడుపుతాడు. నానిన తర్వాత పైనుంచి కిందికి ధార వదులుతాడు. మొదలుపెట్టే ముందు అరచేత్తో గోడను రెండుసార్లు తడతాడు కూడా. ఎందుకని అడిగితే చెప్పలేడు.

“అయిందా అభిషేకం?” అన్నది భార్య అలివేలమ్మ, రెండు బకెట్లు దించి. “ఆ తోలుముక్కకు పెట్టిన చమురు నా తలకు పెట్టింటే నాలుగు ఎంటికలన్నా మిగిలేటివి.”

“నీ తల ఎండితే నీ ఒక్కదానికే నష్టం. ఇది ఎండితే ఇద్దరికీ నష్టం.”

“మాటలకేం తక్కువలేదు. ఊపిరే తక్కువ.”

అది నిజమే. మొదట్లో పంపు కొట్టేది చెన్నయ్య. నీళ్ళు మోసేది అలివేలమ్మ. కిందటేటినుంచి పది దెబ్బలు కొడితే అతడి గొంతులో పిల్లి అరుస్తున్నది. అందుచేత రాజ్యభారం చేతులు మారింది. పంపు కాలిపట్టాను ఒంటికాలితో అదిమి పిడిని కొట్టేది ఇప్పుడు అలివేలమ్మ. గొట్టం చివరి ఇత్తడిమూతి పట్టుకుని ధారను నడిపించేది చెన్నయ్య. చూసేవాళ్ళకు యజమాని అతడే అనిపిస్తుంది. ఆ మర్యాదను అలివేలమ్మ అతడికి ఉంచింది.

అది పందొమ్మిదివందల యాభయ్యారు నవంబరు ఒకటో తేదీ. ఆంధ్రప్రదేశమనే కొత్త రాష్ట్రం ఆ ఉదయమే పుట్టింది. మూడేళ్ళు రాజధానిగా వెలిగిన కర్నూలు ఆ హోదాను లారీలకెక్కించి హైదరాబాదుకు సాగనంపి, మళ్ళీ మామూలు జిల్లా కేంద్రంగా చాప పరుచుకుని కూర్చుంది. ఆ కర్నూలునుంచే ఒక పెద్ద ఆఫీసరు సాయంత్రం మార్కాపురం వచ్చి, బజారు మొగదల పందిరిలో జెండా ఎగరేసి ఉపన్యసిస్తాడు. తర్వాత మండీలో కాసేపు కూర్చుని సోడా పుచ్చుకుంటాడు. మరునాడు శుక్రవారం, దీపావళి. కొత్త ప్రభుత్వమూ పాత లక్ష్మీ ఒకరోజు తేడాతో వస్తున్నందున, ఇద్దరికీ ఒకే కడుగుడు సరిపోతుందని వర్తకులు సంతోషించారు.

చెన్నయ్యకు ఆ రోజు మీద వేరే ఆశ ఉంది. ఆ పంపు అతడిది కాదు, మండీది. దానిమీద పెద్దశెట్టి ఒక మాట ఇచ్చి ఉన్నాడు. పెద్దశెట్టి అంటే పంపు కొని తెచ్చిన బాలసుబ్రహ్మణ్యం శెట్టి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడకల మీద చెన్నయ్య ధార కొడుతుంటే, చల్లగాలికి కళ్ళు మూసుకుని, తల గోడకు ఆనించి ఆయన అన్నాడు: “నా తర్వాత ఈ పంపు నీదేరా చెన్నా. మావానికి దీని ఇలవ తెల్వదు.” ఈ వాగ్దానానికి సాక్షులు ముగ్గురు. పలికిన శెట్టి, విన్న చెన్నయ్య, తల ఆనించుకున్న గోడ. మొదటివాడు పోయి మూడేళ్ళయింది. రెండోవాడి మాట బజారులో చెల్లదు. మూడోది మాట్లాడదు.

శెట్టి కర్మకాండ అయ్యాక చెన్నయ్య ఈ సంగతిని ఆయన కొడుకు కాశీవిశ్వనాథానికి విన్నవించుకున్నాడు. కాశీవిశ్వనాథం “చూద్దాం” అన్నాడు. వర్తకశాస్త్రంలో ‘చూద్దాం’ అనేది పరబ్రహ్మం వంటిది. ఉందని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు. చెన్నయ్య మూడేళ్ళుగా దాన్ని ఉపాసిస్తున్నాడు. తన రొమ్ములోని పిండి సంగతి అతడికి తెలుసు. పంపు చేతిలో ఉంటే, తాను పోయినా అలివేలమ్మ ఇంకెవరినన్నా మూతి పట్టుకోవడానికి పెట్టుకుని కనిగిరో గిద్దలూరో దర్శో పోయి దుకాణాలు కడుక్కుని బతుకుతుంది. పంపు లేకపోతే అదే అలివేలమ్మ పలకల కార్ఖానాలో చేరుతుంది. అతడి ఆశ అంతకంటే పెద్దది కాదు. దానికి పట్టిన తపస్సు మాత్రం పెద్దదే.

పొద్దు బారెడెక్కేసరికి బజారు సగం తడిసింది. మండీ ముందరి పిట్టగోడ మీది బూడిద నల్లని పాయలుగా జారి కాలవలో కలిసింది. చెక్కడపు చిలకలకు మళ్ళీ ముక్కులు వచ్చాయి. అలివేలమ్మ కొడుతున్నది, చెన్నయ్య నడిపిస్తున్నాడు, మధ్యమధ్య దగ్గు వచ్చినప్పుడు ధార వంకర తిరిగి ఎదుటి కొట్టు సాయిబు మీద పడుతున్నది. తనకు ఈ నెల స్నానం అయిపోయిందని, వచ్చే నెల రమ్మని సాయిబు మందలించాడు.

ఇక లోపలి గోడ మిగిలింది. ఆ గోడకు ఒక దేవుడున్నాడు.

పెద్దశెట్టి యావజ్జీవం ఒకే చోట, ఒకే దిండుమీద కూర్చుని, ఒకే గోడకు తల ఆనించి వ్యాపారం చేశాడు. ఉసిరినూనె పట్టించిన ఆ తల ఆనినచోట గచ్చుగోడమీద పళ్ళెమంత గుండ్రని మరక ఏర్పడింది. మొదట పసుపు, తర్వాత గోధుమ, చివరకు నలుపు. ఆయన పోయిన ఏడాది వేరుశనగ ధర లేచింది. అంతటితో ఆ మరకలో లక్ష్మి కాపురముందని బజారుకు రూఢి అయింది. పెద్దశెట్టి భార్య రామతులసమ్మ ప్రతి గురువారం సాయంత్రం వచ్చి, మరునాటి శుక్రవారానికని కోడలి చేత దానికి పసుపు రాయించి, కుంకుమ పెట్టించేది. సరుకు తెచ్చిన రైతులు ధర అడిగేముందు ఆ మరకను తాకి కళ్ళకద్దుకునేవారు; ధర విన్న తర్వాత ఎవరూ అద్దుకునేవారు కాదు. కడిగే ప్రతిసారీ చెన్నయ్య దానిమీద నీటి చుక్క పడకుండా గోనెపట్టా వేలాడదీసేవాడు. ఈసారీ మేకుకు పట్టా తగిలిస్తున్నాడు.

“పట్టా తీసెయ్యి చెన్నయ్యా. ఆ మచ్చ గూడ పోవాల” అన్నాడు కాశీవిశ్వనాథం.

కాశీవిశ్వనాథం నలభై ఏళ్ళవాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఖద్దరు కట్టాడు. మూడేళ్ళ కిందట ఆంధ్రరాష్ట్రం వచ్చాక పేపరు తెప్పిస్తున్నాడు. తలకు వాసన క్రీము వాడతాడు గనుక గోడకు ఆనడు.

చెన్నయ్య పట్టా అట్లాగే పట్టుకున్నాడు. “అది పెద్దశెట్టిగారు గదా.”

“ఉన్నన్నాళ్ళు నాయన. ఇప్పుడు జిడ్డు. సాయంత్రం ఆఫీసరు వచ్చి ఈడనే కూచుంటాడు. గవర్నమెంటు తల పోయి మా నాయన జిడ్డుకు ఆనాల్నా?”

“అమ్మగారికి చెప్పినారా?”

“అమ్మకు నేను చెప్తాలే. నువ్వు కడుగు.”

చెన్నయ్య కదల్లేదు. అతడి మనసులో ఉన్నది భయం. కాని కదలని మనిషిని చూస్తే వర్తకుడికి తోచేది భయం కాదు, బేరం. కాశీవిశ్వనాథం గొంతు తగ్గించాడు.

“పంపు పంపు అని మూడేండ్లనుంచి నా పానం తీస్తాండావు గదా. గోడ తెల్లగా చేసిపెట్టు. సాయంత్రం మీటింగులో నలుగురి ముందర పంపు నీదని చెప్తా. సరేనా?”

పరబ్రహ్మం ఒక్కసారిగా సాకారమై ఎదుట నిలిచింది. చెన్నయ్య పట్టాను మడిచి చంకలో పెట్టుకున్నాడు.

జిడ్డు వట్టినీళ్ళకు పోదు, కుంకుడురసం కావాలి. దుకాణాలలో పండుగ గిరాకికి కుంకుళ్ళు అయిపోయాయి. అలివేలమ్మ తమ ఇద్దరి దీపావళి తలంటుకని కొంగున కట్టుకున్న కుంకుడుకాయలు మాత్రమే ఉన్నాయి. ఆమె చాలాసేపు ఆ ముడి విప్పలేదు.

“పండగపూట దేవుని మొకం కడిగి మనం మట్టితలలతో ఉండాల్నా?”

“పంపు మనదైతాదే. వచ్చే పండక్కి బస్తా తెస్తా.”

“వచ్చే పండగ సంగతి ఊపిరినడుగు” అని ఆమె ముడి విప్పింది.

ఈ విధంగా కీర్తిశేషులు బాలసుబ్రహ్మణ్యం శెట్టిగారికి, ఆయన స్వర్గస్థులైన మూడేళ్ళకు, నరకచతుర్దశికి ఒక పూట ముందుగా అభ్యంగనస్నానం జరిగింది. చెన్నయ్య కొబ్బరిపీచు వేడిరసంలో ముంచి మెల్లగా, కంట్లో పడుతుందేమోనన్నంత మెల్లగా రుద్దాడు. నురగ లేచింది. అందులోంచి పాత ఉసిరినూనె వాసన వచ్చింది, దాని వెనక పొడుం వాసన, వట్టివేళ్ళ వాసన. కుంకుమ కరిగి గోడవెంబడి ఎర్రగా జారినప్పుడు చెన్నయ్య ఒక్క క్షణం చెయ్యి తీసేశాడు. తర్వాత కళ్ళతోనే అలివేలమ్మకు సైగ చేశాడు. ఆమె పిడి కొట్టింది. ధార తగిలింది. మిగిలిన ఒకే ఒక సాక్షి కాలవదాకా పారి, పలకపిండిలో కలిసిపోయింది.

మరక పోయింది గాని మరక ఉన్నచోటు పోలేదు. చుట్టూ ఉన్న గోడకంటే అక్కడ మరింత తెల్లగా, చంద్రబింబంలాగా ఒక వలయం తేలింది. దాన్ని మరిపించడానికి గోడంతా కడగవలసి వచ్చింది. సగం అయ్యేసరికి, సాయంత్రం సభ ఉన్నందున ఆ గురువారం పెందలాడే బయల్దేరి, రామతులసమ్మ వచ్చింది.

కోడలి చేతిలో పసుపు గిన్నె, మామిడాకులు ఉన్నాయి. ముసలామె గడప దాటి, దిండు దగ్గరిదాకా వచ్చి, గోడవైపు చూసి ఆగింది. ఏడవలేదు. కేకలూ వెయ్యలేదు. కొడుకు వైపు తిరిగి, ఇంట్లో మనిషి కనబడకపోతే అడిగినట్టు అడిగింది:

“మీ నాయన ఏడిరా?”

తల్లికి చెప్తానన్న కాశీవిశ్వనాథం నోరు తెరిచాడు. జీవితంలో అతడు భయపడేది ఇద్దరికి. ఆదాయపు పన్నువారు ఆ ఊళ్ళో లేరు. “గోడ కడగమంటి గాని ఆ మచ్చను ముట్టుకోమని నేనెందుకంటానమ్మా” అన్నాడు. “ఏందిరా చెన్నయ్యా, ఏంజేసినావు నువ్వు?”

పంపు పిడి చప్పుడు ఆగింది. “అమ్మగారూ, శెట్టిగారే గదా…” అంటూ అలివేలమ్మ ముందుకు రాబోయింది. చెన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అతడి చూపు కాశీవిశ్వనాథం మీద ఉంది. కాశీవిశ్వనాథం చూపు దూలాలమీద ఉంది. ఆ చూపును చెన్నయ్య తనకు తెలిసిన ఒకే పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. ఇప్పుడు శెట్టి పరువు నిలబెడితే సాయంత్రం శెట్టి మాట నిలబెడతాడు.

“నువ్వు చెప్పు చెన్నయ్యా. నీ అంతట నువ్వే చేసినావా?” అని రామతులసమ్మ అడిగింది.

“నేనే తల్లీ. కంటికి ఆనలేదు.”

“మూడేండ్లు గోనెపట్టా కప్పి కాపాడినోనివి. నీకా ఆనకపోయింది?”

అతడు తల వంచుకున్నాడు. ముసలామె అతణ్ణి చూసింది, కొడుకును చూసింది, మళ్ళీ అతణ్ణి చూసింది. ఆమెకు సంగతి తెలిసిపోయిందనే అనుకోవాలి. కాని పెద్ద ఇళ్ళలో తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడం కూడా నగలపెట్టెలాంటిదే, ఊరికే తెరవరు. ఆమె పంపువైపు వేలు చూపించింది.

“లక్ష్మిని కడిగి కాలవలో పోసిన ఆ ఇత్తడిది రేపు దీపం పెట్టే పొద్దుకు ఈ గడపలో ఉండగూడదు. ఏమైనా చేసుకో. ఎవరికైనా ఇచ్చుకో.”

ఆమె వెళ్ళిపోయింది. చెన్నయ్య లెక్క వేసుకున్నాడు. నింద తనమీద పడింది గాని, పంపు ఇల్లు వదలక తప్పదని సాక్షాత్తు అమ్మగారే ఆజ్ఞాపించింది. వదిలి ఎక్కడికి పోతుంది? కాశీవిశ్వనాథం కూడా కాసేపు ఆలోచించి, ముఖం తేటపడి, పంపును చింతపండుతో తళతళలాడేటట్టు తోమి సాయంత్రం పందిరి దగ్గరికి తెమ్మన్నాడు. చెన్నయ్య మధ్యాహ్నం అన్నం తినలేదు. పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఆ పంపుకు చింతపండు పెట్టాడు. అలివేలమ్మ దూరంగా కూర్చుని చూసింది.

“అబద్ధం ఎందుకాడితివి?”

“నీకోసరమే” అన్నాడు. తర్వాత నవ్వాడు. “నా కోసరం గూడ.”

సాయంత్రం సభ జరిగింది. ఆఫీసరు జెండా ఎగరేశాడు. తెలుగువాళ్ళంతా ఒక్కటయ్యారని, ఇక కష్టాలన్నీ ఉమ్మడివేనని చెప్పాడు. ఆయన అన్నది సుఖాలనేమో. వెనక ఉన్నవారికి సరిగా వినబడలేదు. దండలు పడ్డాయి. అప్పుడు కాశీవిశ్వనాథం లేచి, బల్లమీద నిలబెట్టిన పంపు దగ్గరికి వచ్చి, జేబులోంచి చేతిరుమాలు తీసి కళ్ళకద్దుకుని, తన తండ్రిగారి పుణ్యస్మృతికి చిహ్నంగా, నూతన రాష్ట్రావతరణ శుభసందర్భంలో, ఈ అగ్నిమాపక యంత్రాన్ని మార్కాపురం పంచాయతీకి దానం చేస్తున్నానని ప్రకటించాడు.

చప్పట్లు మోగాయి. పంపు మెడలో బంతిపూల దండ వేశారు. దండ కింద పురికొసకు వేలాడుతున్న ఆముదపు సీసా కప్పబడిపోయింది.

చెన్నయ్య పందిరిగుంజ పక్కన నిలబడి ఉన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు గనుక అతడి చేతులు కూడా రెండుసార్లు కలుసుకున్నాయి. ఆ తర్వాత అవి ఏంచేస్తున్నాయో అతడు చూసుకుని దించేశాడు.

ఆఫీసరుకు కుతూహలం కలిగింది. ఇది ఎట్లా పనిచేస్తుందని అడిగాడు. పంచాయతీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాశీవిశ్వనాథం జనంలోకి చూసి, “చెన్నయ్యా, రా, దొరవారికి ఒకతూరి చూపించు” అని పిలిచాడు. ఎంత ఆప్యాయంగా పిలిచాడంటే, ముందు వరుసలోనివాళ్ళు ఎవరా అదృష్టవంతుడని వెనక్కి తిరిగి చూశారు.

రానని చెప్పవచ్చు. చెన్నయ్య వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో గోడను తట్టే సంగతిలాగే అతడు చెప్పలేడు. ఎవరో బకెట్ తెచ్చారు. పంచాయతీ బంట్రోతు ఇత్తడిమూతిని పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అలివేలమ్మ జనాన్ని తోసుకుని వచ్చేలోపలే చెన్నయ్య కాలిపట్టా మీద కాలువేసి అదిమాడు. మొదటి దెబ్బ, రెండో దెబ్బ. తోలు బిగువుగా ఉంది. పొద్దున పట్టించిన ఆముదం అబద్ధమాడలేదు. నీరు లేచింది. పందిరి దాటి, జెండాకర్ర దాటి, బజారు మొగదలి వేపచెట్టు కొమ్మల్లోకి లేచింది. పలకపిండితో తెల్లబారిన ఆకులు జనం చూస్తుండగానే పచ్చబడ్డాయి. పడమటి ఎండ ఆ తుంపరలలో పడి రంగులుగా విరిగింది. పిల్లలు అరిచారు. ఆఫీసరు నిజంగానే నవ్వాడు. చెన్నయ్య ఆపలేదు. బకెట్ అడుగున గొట్టం గాలి పీల్చి గురకపెట్టిన చప్పుడు వచ్చేదాకా కొట్టాడు. అది పంపు గురకే అనుకున్నారు అందరూ.

తర్వాత ఆఫీసరు గిద్దలూరులో ఇంకో సభ ఉందని జీపులోనే సోడా తాగి వెళ్ళిపోయాడు. కడిగిన గోడకు ఏ ప్రభుత్వమూ తల ఆనించలేదు. పంపును దండతో సహా పంచాయతీ గదిలోకి మోసుకుపోయి, మరునాడు సెలవు గనుక తాళం వేశారు.

చెన్నయ్య తన బకెట్లకోసం మండీకి తిరిగి నడిచాడు. నడిచిందంతా గోడ పట్టుకునే. తాళం పెట్టిన మండీ ముందు, తాను పొద్దున కడిగిన కింది మెట్టుమీద కూర్చుని, తల వెనక్కి గోడకు ఆనించాడు. రాయి ఇంకా చల్లగా ఉంది. గొంతులో పిల్లి చాలాసేపు అరిచింది.

“మజ్జిగ తెస్తాను. కదలగాకు” అన్నది అలివేలమ్మ.

“యాడికి పోతా” అన్నాడు.

కొట్లలో దీపాలు పెడుతున్నారు. ఎదుటి సాయిబు తన కొట్టులోంచి, రేపు స్నానం చేయించడానికి ఆయుధం లేదు గదా అని ఏదో హాస్యమాడాడు. జవాబు రాలేదు. అలివేలమ్మ చెంబుతో తిరిగివచ్చేసరికి చెన్నయ్య అట్లాగే ఆనుకుని, కదలవద్దన్న మాటను సంపూర్ణంగా పాటిస్తూ ఉన్నాడు. ఆమె చెంబు మెట్టుమీద పెట్టి, పక్కన కూర్చుంది. మజ్జిగ ఆమె తాగలేదు. పారబొయ్యలేదు.

దీపావళినాడు శవానికి స్నానం వట్టినీళ్ళతో జరిగింది. కుంకుళ్ళు ముందురోజే ఖర్చయ్యాయి. గడప ముందర మనిషి పోయిన మైల మండీకి తగిలింది గనుక లక్ష్మి వచ్చేలోగా ముంగిలంతా కడగవలసి వచ్చింది. కడిగేవాడు లేడు, కడిగేది తాళంలో ఉంది, తాళంచెవి ఉన్న బంట్రోతు పండక్కి రాచర్ల పోయాడు. బిందెలతో కుమ్మరించారు. నీళ్ళు పైనుంచి కిందికి పోసి పైపైన తుడిచినందువల్ల గోడమీద బూడిదచారలు పడ్డాయి. మెట్టు దగ్గర, చెన్నయ్య తల ఆనిన చోటును కాశీవిశ్వనాథం స్వయంగా వంగి పరీక్షించాడు. అక్కడ ఏ గుర్తూ లేదు. గుర్తు మిగలాలంటే తలకు నూనె ఉండాలి.

లోపలి గోడకు మాత్రం ప్రాయశ్చిత్తం విధించబడింది. రామతులసమ్మ ఆజ్ఞ ప్రకారం కాశీవిశ్వనాథం వాసన క్రీము మాని, రోజూ తలకు దట్టంగా ఉసిరినూనె పట్టించి, తండ్రి కూర్చున్నచోటే కూర్చుని, గోడంతా కడిగినా మరుగుపడని ఆ తెల్లని వలయానికి సరిగ్గా తల ఆనిస్తున్నాడు. వచ్చే దీపావళికి లక్ష్మికి నిలువనీడ ఏర్పడుతుందని బజారు ఆశిస్తున్నది. పసుపు ఇప్పటికే పడింది. అలివేలమ్మ పలకల కార్ఖానాలో చేరింది.

పంపు పంచాయతీ గదిలో జనన మరణాల రిజిస్టర్లున్న బీరువా పక్కన ఉంది. మెడలో బంతిపూలు ఎండి రాలిపోగా దారం మిగిలింది. లోపల తోలు ఎండి బిళ్ళ చిన్నదైంది. పిడికి పురికొసతో కట్టిన గాజుసీసా మాత్రం బిరడా బిగించింది బిగించినట్టే వేలాడుతున్నది. అందులో ఆముదం సగానికి పైగా ఉంది.